ఆవిరి కక్కే కారు, హంసల గలీబు

ఉద్యోగ విరమణ చేసిన ఆ స్టేషన్ మాస్టారుకు లోకంలో పూర్తిగా నమ్మదగిన వస్తువు ముల్లు ఒక్కటే. మనుషులు మాట తప్పవచ్చు, మబ్బులు ఊరించి పోవచ్చు; గడియారపు ముల్లు గాని, తూకపు ముల్లు గాని కారణం లేక కదలదని ఆయన సిద్ధాంతం. అంతటి విశ్వాసికి వృద్ధాప్యంలో భగవంతుడు పెట్టిన పరీక్ష కూడా ముల్లు రూపంలోనే వచ్చింది. అది ఆయన కారులో, స్టీరింగు వెనుక, చిన్న గాజుకన్ను లోపల ఉండి, ఇంజను వేడిని సూచిస్తూ ఉండేది. సూచించడమన్నది మర్యాదకు అనే మాట. బండి బయలుదేరిన కాసేపటికే అది గట్టెక్కే మేకపిల్లలాగా ఎర్రగీత వైపు ఎగబాకేది.

ఆ కారంటే మాస్టారుకు పంచప్రాణాలు. ఉద్యోగకాలమంతా ఊరివారి ప్రయాణాలకు పచ్చజెండా ఊపి, తాను మాత్రం ప్లాట్‌ఫారం మీదనే నిలబడిపోయిన మనిషి ఆయన. విరమణ తరువాత కొనుక్కున్న ఆ పాత కారే ఆయనకు దక్కిన సొంత బండి. ఇప్పటికీ బయలుదేరే ముందు కుడియెడమలు చూసి, కిటికీలో నుంచి చేయి బయట పెట్టి, లేని జెండాను ఒకసారి ఊపి గాని గేరు వేయడు.

ఆయన ఇల్లాలికి ఆ వీథివారు పెట్టిన పేరు గలీబులమ్మ. దిండుకు గలీబు తొడగడం లోకంలో అందరూ చేసేదే. ఆమె ఇంటినంతటినీ దిండుగా భావించింది. రేడియోకు గలీబు, మిక్సీకి గలీబు, గ్యాసు బండకు కుచ్చుల లంగా, చేతికర్ర పిడికి ఊలు తొడుగు, కళ్లజోడు పెట్టెకు ముసుగు, ఆ ముసుగు మాయకుండా పైన మరొక ముసుగు. ఆ ఇంట్లో ఆచ్ఛాదన లేకుండా తిరిగేవి రెండే: గోడ మీది బల్లి, మాస్టారు తల. చలికాలం రాగానే రెండవదాని సంగతి కూడా ఆమె చూసుకునేది.

అటువంటి ఇల్లాలు ఒకనాడు కారు ముందుభాగంలోని జాలీలో చిక్కుకుని చచ్చిన పురుగులను చూసింది. "అయ్యో, పాపం, దీని నోట్లో దోమలు పోతున్నాయండీ!" అని నొచ్చుకుంది. కన్ను మూసి తెరిచేలోగా ఒక దీపం నుంచి మరొక దీపం దాకా సరిపోయే గలీబు తయారైంది. లోపల దట్టంగా దూది, పైన నీలం మఖమలు, దాని మీద ఎదురెదురుగా మెడలు వంచి చూసుకునే రెండు హంసలు, అంచుల వెంట జరీ, కింద బంపరుకు కట్టుకోవడానికి నాలుగు నాడాలు. మాస్టారు చూసి మురిసిపోయి, "బండికి ముఖకళ వచ్చిందే!" అన్నాడు. ఈ మాట తరువాత ఆయన మెడకే చుట్టుకుంటుంది.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. మరమ్మతుకు పోయే వస్తువేదైనా గలీబు విప్పుకునే పోవాలి. మసి చేతులు మఖమలు మీద పడితే ఇక ఆ మచ్చ చచ్చినా పోదు. కాబట్టి కారు మెకానిక్కు దుకాణానికి కదిలే ముందు గలీబులమ్మ నాడాలు విప్పి, హంసలను మడిచి, బీరువాలో పెట్టేది. కారు తిరిగి రాగానే మళ్లీ కట్టేది.

వీథి చివరి మెకానిక్కు తనను మెకానిక్కని ఎన్నడూ చెప్పుకోలేదు. తాను వైద్యుడినని అతని నమ్మకం. కారు రాగానే కళ్లు మూసుకుని, బానెట్టు మీద అరచేయి ఆనించి, నాడి చూసేవాడు. మొదటిసారి, "దాహం మాస్టారూ! ఇంజనును చల్లబరిచే కూలెంటు తగ్గింది," అని నింపాడు. రెండవసారి, "నరం చిట్లింది," అని నీరు కారే గొట్టం మార్చాడు. తరువాత రేడియేటర్ మూత బిగువు తప్పిందన్నాడు. ఆపైన, "లోపల థర్మోస్టాటని ఒక తలుపుంటుంది మాస్టారూ. వేడెక్కితే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు పంపాలి. మీది అలిగి గడియ పెట్టుకుంది," అని దానినీ మార్చాడు. ఫ్యాను చూశాడు, బెల్టు బిగించాడు, నీళ్ల పంపు కొత్తది వేశాడు, రేడియేటర్ రేకుల మధ్య దుమ్మును పసిపాపకు తల అంటినంత ఓపికగా కడిగాడు. ప్రతిసారీ అతని దుకాణంలో ముల్లు మధ్యగీత మీద యోగిలాగా కూర్చునేది. ఇంటికి వచ్చి, మళ్లీ రోడ్డెక్కగానే శివమెత్తేది. వైద్యుడి ముందు నవ్వి ఇంట్లో మూలిగే రోగి ఎవరికి అంతుపడుతుంది?

కిందటిసారి కారు సంత నడుమ ఆవిరి కక్కింది. ఆ ఆవిరికి గలీబులమ్మ కొత్తగా గంజి పెట్టిన చీర తడిగుడ్డలాగా వాలిపోయింది. ఆమె నలుగురిలో నిలబడి ప్రతిజ్ఞ చేసింది.

"ఇంకొక్కసారి ఇది దారిలో ఆవిరి కక్కిందంటే, మా తమ్ముడికి ఇచ్చేస్తాను. మాటంటే మాట!"

మాట వెనక్కి తీసుకోవడమన్నది ఆమె పుట్టింటి వంశంలో లేదు. ఆ తమ్ముడు, అనగా మాస్టారు బావమరిది, ఊరి చివర మొక్కల తోట నడుపుతాడు. కారును తోట గుమ్మం ముందు నిలిపి, పైకప్పు కోయించి, లోపల మట్టి నింపి పూలమొక్కలు వేయాలని అతని చిరకాల స్వప్నం. ప్రతిజ్ఞ వినిన నాటి నుంచి వచ్చినప్పుడల్లా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బావగారూ, డిక్కీలో చామంతులు, సీట్లలో బంతులు. స్టీరింగుకు మల్లెతీగ పాకిస్తే చూడ్డానికి రెండు కళ్లు చాలవు!" అనేవాడు. మాస్టారుకు ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

ఇట్లుండగా గలీబులమ్మ అక్కగారికి కాలు బెణికింది. ఆమె ఇల్లు కొండదారికి అవతల. పలకరించడానికి ముగ్గురూ బయలుదేరారు: మాస్టారు స్టీరింగు వద్ద, ఇల్లాలు పక్కన, బావమరిది వెనుక సీటులో, ముందు హంసలు. నడి ఎండ. ఎక్కుడు మొదలు కాగానే ముల్లు కూడా ఎక్కసాగింది.

మాస్టారు చెమటలు కక్కుతూ జేబురుమాలు తీసి ఆ గాజుకన్ను మీద కప్పాడు.

"అదేమిటండీ, దానికీ గలీబు కావాలా? చెప్తే నేను కుట్టనా?" అంది ఇల్లాలు.

"ఎండ కొడుతోంది దానికి," అన్నాడు మాస్టారు. వెంటనే మెకానిక్కు ఎప్పుడో చెప్పిన కిటుకు గుర్తుకు వచ్చింది: హీటరు పూర్తిగా వేస్తే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఆయన మీట తిప్పాడు.

కాసేపటికి ఇల్లాలు కాళ్లు పైకి ముడుచుకుంది.

"ఏమండీ, కాళ్ల దగ్గర పొయ్యి రాజేసినట్టుందేమిటి?"

"హీటరు వేశానే. మోకాళ్లకు మంచిది."

"నాకు మోకాళ్ల నొప్పులు లేవు కదా!"

"రాకుండా ముందుజాగ్రత్త."

వెనుక నుంచి బావమరిది నీరసంగా, "బావగారూ, నా మోకాళ్లు కూడా భేషుగ్గా ఉన్నాయి. ప్రాణమే బాలేదు. బయట ఎండ, లోపల కొలిమి. మొక్కజొన్న పొత్తులా కాలిపోతున్నా. అవునూ, ఆ రుమాలు కిందేముంది?" అంటూ ముందుకు వంగాడు.

"నీకెందుకోయ్? వెనక్కి కూర్చో! నడిచే బండిలో లేచి నిలబడితే జరిమానా."

"ఆపకపోతే కారు సంగతేమో గాని నేనే ఆవిరైపోతాను బావగారూ!"

దారి పక్కన చెట్టునీడ, ఒక కుళాయి కనిపించాయి. "ఇక్కడ నుంచి లోయ అందంగా కనిపిస్తుంది," అని మాస్టారు బండి ఆపాడు. లోయలో సిమెంటు గోదాము తప్ప మరేమీ లేదు. ఇల్లాలు మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్లింది. మాస్టారు గోదామును ఆరాధనగా చూస్తూ ఇంజను చల్లారే దాకా కాలక్షేపం చేశాడు. బావమరిదికి మాత్రం కావలసినది తడిగుడ్డ. దగ్గరలో ఉన్న గుడ్డ ఒక్కటే. అతడు అటూ ఇటూ చూసి, నాలుగు నాడాలూ విప్పి, సీసాలోని నీళ్లు హంసల మీద కుమ్మరించి, తల చుట్టూ తలపాగాలాగా చుట్టుకుని వెనుక సీటులో అక్క కంటపడకుండా ఒరిగాడు.

బండి కదిలింది. ఎక్కుడు ఇంకా నిటారుగా ఉంది. మాస్టారు గుండె చిక్కబట్టుకుని రుమాలు అంచు ఎత్తి చూశాడు. ముల్లు మధ్యగీత మీద ఉంది. హీటరు కట్టేశాడు. అయినా కదలలేదు. మలుపులు దాటాయి, లారీల వెనుక నత్తనడక నడిచారు. ముల్లు మాత్రం తపస్సు వీడలేదు. మాస్టారు ఆనందంతో రుమాలు తీసి జేబులో పెట్టుకుని, తన కాలపు రైళ్ల వేళలను రాగం తీస్తూ పాడుకోసాగాడు. పాడుతూ పాడుతూ వెనుక చూసే అద్దంలోకి చూశాడు.

అద్దంలో బావమరిది గుర్రుపెడుతున్నాడు. అతని నెత్తి మీద రెండు హంసలు మెడలు వంచి మాస్టారునే చూస్తున్నాయి.

పాట ఆగిపోయింది. స్టేషన్ మాస్టారు బుర్ర కాబట్టి సిగ్నళ్లను వరసగా చదివింది. హంసలు ముందు ఉన్నప్పుడు ముల్లు పైకి. హంసలు నెత్తి మీద ఉన్నప్పుడు ముల్లు కిందికి. దుకాణంలో హంసలు ఉండవు. అక్కడ ముల్లు యోగి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పంపులో వెతికాం, గొట్టంలో వెతికాం, మూతలో వెతికాం!

"పాట ఆపేశారేం?" అంటూ ఇల్లాలు ఆయన చూపు వెంట వెనుకకు తిరిగింది. "ఒరేయ్! నా హంసలు! నీ జిడ్డు తలకు నా మఖమలు దొరికిందట్రా?"

"అక్కా, ఎండకి..."

"ఎండకి చెట్టెక్కు! ఏమండీ, ఆపండి బండి. ముందిది పిండి, ఉన్నచోట కట్టాలి. దుమ్ము పోతోంది దాని మొహంలో!"

మాస్టారు బండి ఆపాడు. గలీబు తిరిగి యథాస్థానానికి చేరింది. ఈసారి తడిసి, బరువెక్కి, సందు లేకుండా అతుక్కుంది. బండి కదిలిన మరుక్షణం నుంచి ముల్లు పైకి పాకసాగింది. ఆయనకు కారణం తెలుసు, ఫలితమూ తెలుసు. చెబితే ఇల్లాలి మనసు ఉడుకుతుంది, చెప్పకపోతే ఇంజను ఉడుకుతుంది. తన చేత్తో ప్రేమగా కుట్టినదే బండి గొంతుకు అడ్డుపడుతున్నదని ఆమెతో అనడమెట్లా? ముఖకళ వచ్చిందన్న నోటితోనే అనాలి కదా! కక్కలేక మింగలేక ఆయన రెండు మలుపులు తిప్పాడు. ఆయన కక్కలేని పనిని కారు చేసింది. బుస్సుమని తెల్లటి ఆవిరి హంసలను మబ్బులోకి ఎగరేసినట్టు చుట్టేసింది.

బండి పక్కకు ఒరిగి నిలబడింది. బావమరిది ఉత్సాహంగా దిగి బానెట్టు ఎత్తి రేడియేటర్ మూత మీద చేయి వేయబోయాడు.

"ఆగవోయ్! వేడి మీద మూత తీస్తే నీళ్లు ఎగజిమ్మి మొహం ఉడికిపోతుంది!" అని మాస్టారు అతన్ని వెనుకకు లాగి, బానెట్టు దించేశాడు. తనకు శత్రువైనా సరే, ఇంటి ఇల్లాలి తోబుట్టువు.

గలీబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మాటంటే మాటండీ," అంది. ఆ గొంతులో కోపం కంటె దిగులే ఎక్కువ. "రేపు తమ్ముడు తీసుకుపోతాడు."

బావమరిది అప్పటికే డిక్కీని జానలతో కొలుస్తున్నాడు. మాస్టారు మెకానిక్కుకు ఫోను చేశాడు. తరువాత మైలురాయి మీద కూర్చుని కారు కేసి చూశాడు. దాని దీపాలు రెండూ తననే చూస్తున్నట్టున్నాయి. మల్లెతీగ పాకిన స్టీరింగు ఒకటి ఆయన కళ్ల ముందు మెదిలింది.

చాలాసేపటికి కింది మలుపులో మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. గలీబులమ్మ అలవాటు చొప్పున లేచింది. మసి చేతులవాడు వస్తున్నాడు, హంసలను దాచాలి. ఆమె వంగి మొదటి నాడా ముడి పట్టుకుంది.

"విప్పకు," అన్నాడు మాస్టారు.

"అదేంటండీ! వాడి చేతులు..."

"ఈసారి అలాగే చూడనీ."

ఆ గొంతు ఆమె కాపురంలో ఎన్నడూ వినలేదు. అది ఎక్స్‌ప్రెస్ బండిని ఆపే గొంతు. ఆమె నాడా వదిలేసింది.

మెకానిక్కు దిగాడు. దుఃఖంతో తల ఆడించాడు. ఎప్పటివలెనే కళ్లు మూసుకుని, నాడి చూడడానికి అరచేయి చాచి కారు ముందుకు నడిచాడు. అరచేతికి మఖమలు తగిలింది. నొక్కి చూశాడు. మెత్తగా దిగబడింది. కళ్లు తెరిచాడు.

"మాస్టారూ... ఈ పరుపేంటి?"

"పరుపా!" అంది గలీబులమ్మ. "గలీబు."

"ఇదెప్పట్నుంచి ఉందమ్మగారూ?"

"పోయిన వేసవి నుంచి."

"మరి నా దగ్గరికొచ్చినప్పుడు ఒక్కసారీ లేదే?"

"నీ దగ్గరికి పంపేటప్పుడు విప్పేస్తాం. నీ చేతులు ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?"

మెకానిక్కు దారి మీదనే చతికిలబడ్డాడు. "పంపు మార్చాను. బెల్టు బిగించాను. థర్మోస్టాటుని తిట్టరాని తిట్లు తిట్టాను, పాపం, అదేం పాపమెరగదు! ఈ కారు నా కల్లోకొచ్చి దగ్గుతోందమ్మా! రేడియేటరు ఈ హంసల వెనకాలే ఉంది. ఇంజను చుట్టూ తిరిగి కాగిపోయిన నీళ్లు ఇక్కడికొచ్చి, గాలి తగిలి చల్లారాలి. గాలేదీ? మీ హంసలే తాగేస్తున్నాయి!"

గలీబులమ్మ మొహం చిన్నబోయింది. "అంటే నేనే దాని గొంతు నులిమానా?" అంది మెల్లగా.

ఆ క్షణంలో మాస్టారు ఒక్క మాట అంటే గెలుపు ఆయనదే. కాని ఆయన లేచి నాడాలు విప్పి, తడి గలీబును తన ముక్కుకూ నోటికీ అడ్డంగా పెట్టుకుని, తల వెనుక ముడి వేసుకున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అంతే, ఎక్కుడు మీద పరుగు లంకించుకున్నాడు. పంచె ఎగురుతోంది, హంసలు ఊగుతున్నాయి, ఎదురుగా వస్తున్న లారీవాడు భయపడి హారను కొట్టాడు. కొంత దూరం పోయి, తిరిగి, తూలుతూ వచ్చి మైలురాయి మీద కూలబడ్డాడు. ముడి విప్పేసరికి మొహం ఎర్రగీత దాటి ఉంది.

"ఏమండీ! మీకేమన్నా మతి పోయిందా?"

"కుట్టు..." మాస్టారు రొప్పాడు. "కుట్టు మహా గట్టిగా ఉందే. ఈగ దూరదు. గాలసలే దూరదు. నీ పనిలో లోటు లేదు. బండి ఊపిరి పీల్చేది ఇక్కణ్ణించని నాకు తట్టలేదు. ముఖకళ అని మురిసింది నేనే కదా."

గలీబులమ్మ ఆయన మీసాలకు అతుక్కున్న దూదిని చూసింది. చెంప మీద నీలం రంగు దిగిన జరీ గీతను చూసింది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కడుపు పట్టుకుని నవ్వింది. మెకానిక్కు నవ్వాడు. డిక్కీ దగ్గర ఉన్న బావమరిది మాత్రం నవ్వలేదు.

"అయితే అక్కా, కారు సంగతి..."

"ఏ కారు?"

"ఆవిరి కక్కితే నాకిస్తానన్నావు కదా. మాటంటే మాటన్నావు."

"కక్కింది కారైనా కక్కించింది నేను కదరా! కావాలంటే నన్ను తీసుకుపో. తోట గుమ్మంలో నిలబెట్టి నెత్తిన చామంతులు వేసుకో."

బావమరిది అక్కను ఒకసారి ఎగాదిగా చూసి, అంత బరువు తన తోట మోయలేదని గ్రహించి, చేతులు జోడించాడు.

ఇంజను చల్లారిన తరువాత మెకానిక్కు నీళ్లు, కూలెంటు నింపాడు. కారు మొహం మీద గాలి ఆడుతుండగా కొండ ఎక్కి దిగి అక్కగారి ఇల్లు చేరారు. దారి పొడుగునా ముల్లు మధ్యగీత దాటలేదు. హంసలను బావమరిదికి ఓదార్పుగా ఇచ్చేశారు; చలికి ఓర్వలేని ఒక మొక్కకు అది దుప్పటి అయిందని వినికిడి.

మరునాటి ఉదయం మాస్టారు కారు తుడవడానికి తువ్వాలు పట్టుకుని బయటకు వచ్చాడు. ముందు వైపు ఎవరూ లేరు. తృప్తిగా వెనుక వైపుకు తిరిగాడు. అక్కడ గలీబులమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు.

"కంగారు పడకండి, ముందువైపు జోలికి పోనుగా," అంది సూదుల మధ్య నుంచి. "వెనకాల ఈ పొగగొట్టం చూడండి, ఎంత బోసిగా ఉందో! మసి కూడా కారుతోంది, పాపం. చిన్న కుచ్చుటోపీ తొడిగితే..."

మాస్టారు చేతిలోని తువ్వాలు ఎర్రది కావడం అదృష్టం. దానిని రెండు చేతులా తల మీదికి ఎత్తి, వీథి దద్దరిల్లేలా కేక వేస్తూ ఆయన పరుగెత్తాడు.